ఊరి చెట్టుకూ పిట్టకూ ఒక నిధి ఉంది... అడుగుతున్నారా?

మంచాల: పులికి పథకం ఉంది. 1973 నుంచీ కేంద్రం దాని కోసం డబ్బు ఇస్తూనే ఉంది. ఏనుగుకూ ఒక పథకం ఉంది. మరి మన చెలక గట్టు మీది తంగేడు చెట్టుకు, కరెంటు తీగ మీద కూర్చుని మిడతల కోసం కాచుకునే పాలపిట్టకు ఎవరిస్తారు పైసలు?

"పిట్టకు పైసలేంది?" అని నవ్వకండి. పేరున్న జంతువులకే కాదు, ఊళ్లో పెరిగే మామూలు చెట్టూ చేమకు, పిట్టకూ పురుగుకూ కూడా పంచాయతీ స్థాయిలో ఒక నిధి ఉండాలని 2002 జీవవైవిధ్య చట్టం చెబుతోంది. ఆ నిధి పేరు స్థానిక జీవవైవిధ్య నిధి. చాలామంది రైతులకు దాని సంగతే తెలియదు. తెలియనిది అడగరు. అడగనిది రాదు. ఆ నిధి ఏమిటి, అందులోకి డబ్బు ఎలా వస్తుంది, రావాలంటే మన చేతిలో ఉన్న పని ఏమిటి అనేది ఈ వారం తెలుసుకుందాం.

వీటితో మనకేం పని?

మంచాల మండలంలో ఆరుట్ల, బోడకొండ, లోయపల్లి వైపు వెళితే ఎర్ర చెలకలు, రాళ్లగుట్టలు, కంచెలు కనిపిస్తాయి. కంచెల్లో మోదుగ, తునికి, బలుసు, పరికి, తంగేడు ఉంటాయి. గట్ల మీద వేప, కానుగ ఉంటాయి. వీటిలో చాలా వాటిని ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు. అందుకే మనకు వాటి విలువ లెక్కకు రాదు.

కూరగాయలు వేసే రైతు ఒక్క సంగతి గమనించాలి. కాకర, దోస, బీర, సొర తీగల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు చేర్చే కూలీ తేనెటీగ. రాత్రి పూసే సొరకు చిమ్మట. ఆ కూలీ రాకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. మనం ఎరువు చాలలేదనుకుని ఇంకో సంచి వేస్తాం. మన తీగలు పూసేది కొన్ని వారాలే. తేనెటీగ బతకాల్సింది మాత్రం ఏడాది పొడవునా. ఎండాకాలం ముందు మోదుగ, ఆ తర్వాత కానుగ, వేప, బతుకమ్మ నాటికి తంగేడు, ఇలా కంచెలో ఒకదాని తర్వాత ఒకటి పూస్తేనే దానికి తిండి. కంచె మొత్తం చదును చేసి ప్లాట్లు కొట్టినా, నీలగిరి వేసినా ఆ వరుస తెగిపోతుంది.

మన రాష్ట్ర పక్షి పాలపిట్ట మిడతలను, పెంకు పురుగులను ఏరుకు తింటుంది. గుడ్లగూబ, జెర్రిపోతు ఎలుకలను పడతాయి. కానుగ ఆకు పొలానికి పచ్చిరొట్ట. ఎండిన వేపాకు గింజల గుమ్మిలో పురుగును ఆపుతుంది. వీటిలో వేటకు పనికొచ్చేది లేదు, సర్కస్‌లో ఆడేది లేదు. కానీ ఎవుసానికి పనికిరానిదీ లేదు.

చట్టం ఏం చెబుతోంది?

1992లో రియోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం చేరింది. దాన్ని అమలు చేయడానికే 2002లో జీవవైవిధ్య చట్టం చేశారు. ఆ ఒప్పందంలోని దేశాలన్నీ 2012 అక్టోబరులో సమావేశమైంది మరెక్కడో కాదు, మన పక్కనున్న హైదరాబాదులోనే.

ఈ చట్టం కింద మూడు మెట్లున్నాయి. పై మెట్టు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ. నడిమి మెట్టు రాష్ట్ర జీవవైవిధ్య మండలి. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మండలి ఏర్పడింది. తెలంగాణ వచ్చాక మనకు వేరే మండలి వచ్చింది. కింది మెట్టు, మనకు అసలు పని ఉన్న మెట్టు, ఊళ్లోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. ప్రతి స్థానిక సంస్థలోనూ ఈ కమిటీ ఉండాలి. 2023 సవరణ ప్రకారం ఇందులో 7 మందికి తగ్గకుండా, 11 మందికి మించకుండా సభ్యులుంటారు.

ఈ కమిటీకి ముఖ్యంగా రెండు పనులు. ఒకటి, ఊళ్లో ఉన్న చెట్లు, పంటలు, పశువులు, పక్షులు, చేపలు, మందు మొక్కలు, వాటి గురించి ఊరివాళ్లకు తెలిసిన విషయాలు అన్నీ ఒక పుస్తకంలో రాయడం. దీన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అంటారు. రెండోది, నిధిని చూసుకోవడం.

అమరచింత వేపాకు కథ

ఇదంతా కాగితం మీది మాటేనా అని అనుమానం రావడం సహజం. అందుకే అమరచింత సంగతి చెప్పాలి. ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊరు, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. మనలాగే మెట్ట ప్రాంతం.

ఉమ్మడి రాష్ట్రం ఉన్న రోజుల్లో హైదరాబాదుకు చెందిన బయో ఇండియా బయోలాజికల్స్ అనే సంస్థ 2000 కిలోల వేపాకును జపానుకు ఎగుమతి చేసింది. చట్టం ప్రకారం జాతీయ అథారిటీ అనుమతి తీసుకుని, రాయల్టీగా రూ.55,035 కట్టింది. అందులోంచి రూ.27,500 అమరచింత జీవవైవిధ్య కమిటీకి చేరింది. వేప మొక్కలు నాటడానికి, జీవవైవిధ్యం గురించి ఊళ్లో చెప్పడానికి వాడాలని ఆ సొమ్ము ఇచ్చారు.

లెక్క వేసి చూడండి. కిలో వేపాకుకు ఊరికి దక్కింది పదమూడు రూపాయల ముప్పావలా. పెద్ద సొమ్మేం కాదు, నిజమే. కానీ అంతకు ముందు ఏ ఊరి వేపాకుకు ఆ ఊరి పేరున ఒక్క పైసా అయినా వచ్చింది గనక? గట్టు మీద ఊరకే రాలిపోయే ఆకుకు ఒక యజమాని ఉన్నాడని, ఆ యజమాని ఊరేనని ఒప్పుకున్నందుకు వచ్చిన సొమ్ము అది. అమరచింతలో కమిటీ ఉంది కాబట్టే దాని వాటా దానికి చేరింది. కమిటీ లేని ఊరికి వాటా పంపాలన్నా ఎవరికి పంపుతారు?

రైతుకు నేరుగా చేరిన సందర్భం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తమ పొలాల్లో ఎర్రచందనం పెంచిన 198 మంది రైతులకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కలిపి 2025లో జాతీయ అథారిటీ రూ.3 కోట్లు విడుదల చేసింది. ఎర్రచందనాన్ని వాడుకున్న వ్యాపారం నుంచి వచ్చిన వాటా అది. సరుకు ఎవరిదో తేలితే వాటా వాళ్లకే ఇవ్వాలన్నది ఇందులోని సూత్రం.

నిధిలోకి డబ్బు ఎలా వస్తుంది?

స్థానిక నిధికి చట్టం చూపిన దారులు ఇవి:

1. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు.

2. జాతీయ అథారిటీ, రాష్ట్ర మండలి ఇచ్చే డబ్బు. అమరచింతకు వచ్చినట్టు వాటా సొమ్ము కూడా అథారిటీ ద్వారానే వస్తుంది.

3. సేకరణ రుసుం. ఊరి పరిధిలోని ఆకు, బెరడు, వేరు, గింజ వంటివి వ్యాపారానికి పట్టుకుపోయేవారి నుంచి కమిటీ రుసుం తీసుకోవచ్చు.

4. రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించే ఇతర మార్గాలు.

వాటా ఎంత అనేదానికి 2014లో మార్గదర్శకాలు ఇచ్చారు. వసూలైన వాటాలో 95 శాతం కింది కమిటీకి, లేదా హక్కుదారులకు చేరాలని అప్పట్లో రాసుకున్నారు. 2025 ఏప్రిల్‌లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఏడాది టర్నోవరు రూ.5 కోట్లు దాటని సంస్థలకు వాటా కట్టడం నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే చిన్న వ్యాపారి నుంచి వాటా ఆశించవద్దు. పెద్ద కంపెనీకి సరుకు పోయినప్పుడే లెక్క.

ఇక ఖర్చు సంగతి. ఈ నిధిని ఊళ్లో జీవవైవిధ్యాన్ని కాపాడడానికి, పెంచడానికి వాడాలి. దానికి అడ్డం కానంత వరకు ఊరి బాగుకు కూడా వాడవచ్చు. ఊరి నర్సరీలో వేప, కానుగ, నేరేడు, మోదుగ నారు పోయవచ్చు. మిగిలిన కంచెకు రక్షణ కల్పించవచ్చు. చెరువు కట్ట మీద దేశవాళీ చెట్లు నిలబెట్టవచ్చు. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ నాటి, తర్వాత అది వద్దనుకున్న అనుభవం మన రాష్ట్రానికి ఉంది కదా. నాటేముందు ఆ చెట్టుకు మన పిట్ట వాలుతుందా, మన తేనెటీగ వస్తుందా అని చూడాలి.

రిజిస్టరే అసలు పట్టా

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కకపోతే ఎంత తిప్పలో రైతుకు చెప్పనక్కర లేదు. దున్నేది మనమే అయినా కాగితంలో లేకపోతే మనది కానట్టే తిప్పుతారు. జీవవైవిధ్య రిజిస్టరుదీ అదే కథ. ఫలానా మొక్క, ఫలానా వాడకం మా ఊళ్లో ఉన్నాయని రాసి ఉంటే రేపు ఎవరైనా వాడుకున్నప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది. రాసి లేకపోతే ఏ కాగితం చూపిస్తాం?

దేశంలో చాలా ఊళ్లలో ఈ రిజిస్టర్లు తొందరలో తయారయ్యాయి. కమిటీలు, రిజిస్టర్లు సాగక పోవడంతో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో 2016లో కేసు పడింది. 2020 జనవరి 31 లోగా అన్నిచోట్లా పూర్తి చేయాలని, లేకుంటే రాష్ట్రం నెలకు రూ.10 లక్షలు కట్టాలని 2019 ఆగస్టులో ట్రిబ్యునల్ ఆదేశించింది. ఏళ్ల తరబడి కదలని పని నెలల్లో జరిగింది. కమిటీలు రావడం మంచిదే. కానీ గడువు తరుముకొస్తే పుస్తకం ఎలా నిండుతుందో మనకు తెలియదా!

ఈ మధ్య ఒక పంచాయతీలో (ఊరు పేరు ఎందుకు గానీ) రిజిస్టరు చూపమని అడిగాను. బీరువా వెతికి తెచ్చారు. అట్ట బాగుంది. లోపల పక్షుల పేజీలో నెమలి, కాకి, పిచ్చుక, చిలుక, కొంగ, అంతే. మందు మొక్కల పేజీలో తులసి, వేప, కలబంద. గడప దగ్గర ఒక గొర్రెల కాపరి కూర్చుని ఉన్నాడు. మందు మొక్కలు ఏమేం ఉన్నాయి తాతా అని అడిగితే వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాడు. తిప్పతీగ, ఉత్తరేణి, నల్లేరు, వావిలి, పొదపత్రి, పిల్లిపీచర, గుంటగలగర, నేలఉసిరి, పల్లేరు... గొర్రెకు కడుపుబ్బితే ఏది, కాలు విరిగితే ఏది, అన్నీ చెప్పాడు. నేను రాసుకుంటుంటే ఆశ్చర్యంగా చూసి, "ఇవి గూడ రాస్తరా సార్? నన్నెవ్వరు అడగలే" అన్నాడు.

ఆయన చదువుకోలేదు. కానీ ఆ రిజిస్టరులో సగం ఆయన నోట్లోనే ఉంది. ఆయన పోతే ఆ సగం పోతుంది. ఊరివాళ్లను అడిగి, వాళ్లతో కలిసి రాయాలన్నదే నిబంధన. అడగకుండా రాసింది ఊరి రిజిస్టరు ఎట్లా అవుతుంది?

బయటి దేశాల్లో ఎట్లా చేశారు?

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో అడవి జంతువుల కోసం వాడే డబ్బు చాలాకాలం వేటగాళ్ల లైసెన్సుల మీద, తుపాకుల పన్ను మీద వచ్చేది. అందుకే వేటాడే జంతువుల మీదే ఎక్కువ ఖర్చు చేసేవారు. వేటకు రాని పిట్టకు, కప్పకు, అడవి పువ్వుకు మిగిలేది తక్కువ. 1976లో మిస్సోరి రాష్ట్ర ప్రజలు ఓటు వేసి, అమ్మకాల మీద చిన్న పన్నుకు ఒప్పుకున్నారు. మన లెక్కలో చెప్పాలంటే వెయ్యి రూపాయల సరుకు కొంటే రూపాయి పావలా. 1977లో కొలరాడో రాష్ట్రం ఆదాయపు పన్ను ఫారంలోనే ఒక గడి పెట్టింది. ఇష్టమున్నవారు అక్కడ టిక్కు పెడితే కొంత సొమ్ము వేటకు రాని జీవాలకు పోతుంది.

అక్కడ ప్రజలే అడిగి, తలా ఇంత వేసి నిధిని నిలబెట్టారు. మన దగ్గర చట్టం ముందే వచ్చింది, అడిగేవాళ్లే రావాలి.

మన రాష్ట్రంలోనే మరో దారి కూడా కనిపిస్తుంది. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఊరి చెరువు కూడా ఈ చట్టం కింద గుర్తింపు పొందగలదని ఇది చూపింది.

దేశవాళీ విత్తనానికి వేరే నిధి

ఇంట్లో తాతల నాటి జొన్న, కంది, ఆనప విత్తనం కాపాడుకొస్తున్న రైతులకు ఇంకో చట్టం ఉంది. అది 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం. ఢిల్లీలోని అథారిటీ దగ్గర ఉన్న జాతీయ జన్యు నిధి నుంచి ఏటా అవార్డులు ఇస్తారు. రకాలను కాపాడిన రైతు సంఘానికి, లేదా ఊరికి రూ.10 లక్షలు, రైతుకు రూ.1.5 లక్షల అవార్డు, రూ.1 లక్ష గుర్తింపు బహుమతి ఉన్నాయి. రైతు తన రకాన్ని తన పేరున రిజిస్టరు చేసుకోవడానికి రుసుం కూడా లేదు. విత్తనం ఉంటే కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి దరఖాస్తు పెట్టుకోండి.

రైతుల సందేహాలు

ప్రశ్న: నా గట్టు మీద వేపాకు నేను కోసుకున్నా రుసుం కట్టాలా?

జవాబు: అక్కర లేదు. ఊరి ప్రజలకు, సాగుచేసే రైతులకు, నాటు వైద్యులకు చట్టం మినహాయింపు ఇచ్చింది. వ్యాపారానికి పట్టుకుపోయే వారి గురించే ఈ రుసుం.

ప్రశ్న: మందు మొక్కలు సాగుచేస్తే ఇబ్బందా?

జవాబు: సాగుచేసిన మందు మొక్కలకు 2023 సవరణ మినహాయింపు ఇచ్చింది. అయితే అది అడవిలోంచి తెచ్చింది కాదు, సాగుచేసిందే అని ధ్రువపత్రం కావాలి. అది ఇవ్వాల్సింది ఊరి కమిటీయే. కమిటీ పనిచేయని ఊళ్లో ఆ కాగితం కోసం రైతే తిరగాలి. అందుకే కమిటీ పనిచేయాలని అడగడం మన అవసరం కూడా.

ప్రశ్న: అడవిపందులు, కోతులు, నెమళ్లు పంట తింటున్నాయి. మేము వాటిని కాపాడాలా?

జవాబు: న్యాయమైన బాధే. ఈ నిధి పంట నష్ట పరిహారానికి కాదు. నష్టం జరిగితే వెంటనే ఫొటో తీయించి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టాలి. కోపంతో చేనుకు కరెంటు తీగ మాత్రం కట్టవద్దు. పంది కన్నా ముందు తెల్లారగట్ల నీళ్లు కట్టడానికి వెళ్లే మనిషే దానికి తగులుతాడు. ఇంకో మాట. పంట మేసే జంతువుల మీద కోపం పురుగు తినే పిట్ట మీద, ఎలుక తినే గుడ్లగూబ మీద చూపవద్దు. అవి మన వైపు జీవాలు.

ప్రశ్న: మా ఊరి రహస్యాలు రాస్తే బయటివాళ్లు ఎత్తుకుపోరా?

జవాబు: రిజిస్టరు కమిటీ దగ్గరే ఉంటుంది. బయటపెట్టకూడని వాడకాలను గోప్యంగా ఉంచమని చెప్పవచ్చు. రాసేముందే ఆ మాట చెప్పి రాయించండి.

ఇప్పుడు చేయవలసినవి

• పంచాయతీ కార్యదర్శిని నాలుగు ప్రశ్నలు అడగండి. మన ఊరి జీవవైవిధ్య కమిటీలో ఎవరెవరు ఉన్నారు? రిజిస్టరు ఎక్కడుంది? కమిటీ పేరున బ్యాంకు ఖాతా ఉందా? అందులో ఎంత ఉంది? పాలకవర్గం మారినప్పుడు కమిటీ సంగతి కూడా అడగడం మరవద్దు.

• గ్రామసభలో రిజిస్టరును చదివి వినిపించమనండి. ఒక్క పూట పని. కాపరులను, మంత్రసానులను, చేపలు పట్టేవారిని, నాటు వైద్యులను ముందు వరుసలో కూర్చోబెట్టండి. తప్పిపోయినవి అక్కడికక్కడే రాయించండి.

• బడి పిల్లలకు పని చెప్పండి. బతుకమ్మ పూలు ఏరేటప్పుడు ఏ పువ్వు ఏ కంచెలో దొరికింది, పోయినేడు దొరికి ఈసారి దొరకనిది ఏది అని రాయిస్తే అదే మంచి లెక్క.

• లారీ పెట్టి ఆకు, బెరడు, గింజ ఎత్తుకుపోతుంటే ఊరకే చూడవద్దు. ఎవరికి, ఎంత, ఎక్కడికి అని అడగండి. వివరం కమిటీకి, అక్కడినుంచి రాష్ట్ర మండలికి రాతపూర్వకంగా పంపండి.

• కమిటీ ఏటా తన పని మీద నివేదిక ఇవ్వాలి. లెక్కలు ఆడిట్ కావాలి, ఆ కాపీ కలెక్టరుకూ వెళ్లాలి. ఇచ్చారా అని అడగండి.

• గట్టు మీద ఒక వేప, ఒక కానుగ, రెండు తంగేడు పొదలు ఉండనివ్వండి. దీనికి ఏ నిధీ అక్కర లేదు.

ఈ నిధితో రేపే ఊరు బాగుపడుతుందని చెప్పడం లేదు. అమరచింతకు వచ్చింది రూ.27,500 మాత్రమే. కానీ హైదరాబాదు మన వైపు జరుగుతోంది. కంచెలు ఎకరాల లెక్క పోయి గజాల లెక్కకు వచ్చాయి. ఏ మొక్క ఎక్కడుండేదో చెప్పగలిగిన పెద్దలు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కంచె పోయాక రిజిస్టరు రాయలేం. ఈ వారం పంచాయతీకి వెళ్లినప్పుడు ఇంటి పన్ను రసీదుతో పాటు ఆ రిజిస్టరు కూడా ఒకసారి అడిగి చూడండి. ఖాళీ పేజీలుంటే సంతోషించండి, రాయడానికి ఇంకా చోటుంది.